గంగాకిషన్ తలా, ఇంటింటి పసుపూ

గంగాకిషన్ తలలో గడ్డ మళ్లీ లేచిందని, ఈసారి డాక్టర్లు తమ వల్ల కాదన్నారని, అందుకే ఆయన భార్య భాగ్యలక్ష్మి చెప్పుల్లేకుండా గంప పట్టుకొని పసుపు కోసం ఇల్లిల్లూ తిరిగిందని ఆర్మూరులో ఇప్పటికీ చెప్పుకునేవాళ్లున్నారు. ఆ మాట పెర్కిట్ చేరేసరికి గడ్డలు రెండయ్యాయి. ఆలూరు చేరేసరికి మనిషే పోయాడు. ఆలూరు నుంచి ఇద్దరు పెద్దమనుషులు పరామర్శకని మొహాలు వేలాడేసుకొని బండి మీద వచ్చారు. వచ్చి చూస్తే గంగాకిషన్ అరుగు మీద కూర్చొని సకినాలు నములుతున్నాడు. "గిట్ల పోతుంటిమి కిషనన్నా, మంచినీళ్లకాగినం" అని చెప్పి, చెరో చెంబు నీళ్లు తాగి, వెనక్కి చూడకుండా పోయారు.

ఇందులో గంప నిజం. చెప్పుల్లేని కాళ్లు నిజం. పసుపు నిజం, అది బస్తాలకొద్దీ వచ్చింది. మిగతాదంతా అబద్ధం. అయితే ఆ అబద్ధాన్ని ఎవరూ కావాలని పుట్టించలేదు. పుట్టిన తర్వాత మాత్రం ఒక మనిషి దాన్ని చంపకుండా కొంగులో దాచుకుంది. ఆ మనిషి భాగ్యలక్ష్మే. ఎందుకు దాచుకుందో తెలియాలంటే ముందు ఆయన ముక్కు సంగతి తెలియాలి.

గంగాకిషన్ పసుపు దలాలు. అంటే రైతుకూ కొనేవాడికీ నడుమ నిలబడి, సరుకు ఇలాంటిదని మాట ఇచ్చే మనిషి. ఆయనకు దుకాణం లేదు, కాంటా లేదు. ఉన్నవి రెండే: ముక్కు, మాట. కొమ్ము విరిచి ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూసుకుంటే చాలు, ఎక్కువ ఉడికిందో తక్కువ ఉడికిందో, తడి ఆరకుండా బస్తాకెత్తారో, ఎర్రనేలదో నల్లనేలదో వరసగా చెప్పేసేవాడు. "సరుకు మంచిదే" అని ఆయనన్నాడంటే బస్తా విప్పకుండానే లారీకెక్కించేవారు.

ఆ ముక్కుతో బజారుకు లాభం, ఇంటికి నరకం. "భాగ్యా, పప్పు మాడవెడ్తున్నవ్ గదనే!" అని సందు మొదట్లోంచే అరుపు వినపడేది. పొయ్యి ముందు కూర్చున్న భాగ్యలక్ష్మికి కూడా పప్పు మాడుతున్న సంగతి ఆ అరుపుతోనే తెలిసేది. పాలల్లో పొగ వాసనంటాడు. పొద్దటి చారు సాయంత్రం పోస్తే, పొద్దటిదని చెప్పడమే కాదు, ఎన్ని గంటలకు పెట్టిందో కూడా చెబుతాడు. పెళ్లికి పోతే పందిట్లోకి అడుగు పెట్టకముందే "వంకాయ కూర జోలికి పోకుండ్రి" అని చుట్టాలను హెచ్చరిస్తాడు. పెళ్లివారు ఆయనకు కార్డు ఇచ్చేవారుగాని, రమ్మని రెండోసారి అనేవారు కాదు.

అలాంటి మనిషి మూడేళ్ల కింద బతుకమ్మ పండుగ నాటికి మారిపోయాడు. పెట్టింది తింటున్నాడు. మాడినా తింటున్నాడు. భాగ్యలక్ష్మికి మొదట నమ్మకం కలగలేదు. పరీక్ష కోసం నిన్నటి పప్పులో ఇవాళ తాలింపు పెట్టి వడ్డించింది. రెండోసారి కూడా వేయించుకున్నాడు. మూడు రోజుల చారు పోసింది. తాగి, తేన్చి, మూతి తుడుచుకున్నాడు.

పక్కింటి మంగవ్వ, వరుసకు చెల్లెలు, గోడ మీద గడ్డం ఆనించి అడిగింది. "అక్కా, ఏం మందు పెట్టినవే బావకు?"

"మందు లేదు, మాకు లేదు. ఓపికనే. ఇరవై ఆరేండ్లు ఓపిక పట్టిన."

"గా ఓపికేదో జర మాకూ చెప్పు. మా ఇంట్ల ఉన్నోడు ఉప్పు తక్కువైతే కంచం ఇసురుతుండు."

ఆ సందులో ఆడవాళ్లందరికీ గంగాకిషన్ ఆదర్శపురుషుడైపోయాడు. మంగవ్వ తన మొగుణ్ని వారం రోజులు బలవంతంగా పంపింది, ఆయన పక్కన కూర్చొని బుద్ధి నేర్చుకొమ్మని. భాగ్యలక్ష్మి ఆ ఆరు నెలలూ నేల మీద నడవలేదు. పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

ఆరో నెలలో పసుపు బజారుకొచ్చింది. గంగాకిషన్ మెండోర రైతు సరుకు ఒకదానికి మాట ఇచ్చాడు. కొనేవాడు నాలుగు బస్తాలు విప్పించాడు. బూజు వాసన గుప్పుమని లేచింది. హమాలీలు తువ్వాళ్లు ముక్కుకు కట్టుకున్నారు. గేటు దగ్గరి చాయ్ బండివాడు బండి దూరంగా జరుపుకొన్నాడు. గంగాకిషన్ మాత్రం బస్తాల నడుమ నిలబడి, కొమ్ము విరిచి వాసన చూసి, "ఫస్ట్ క్లాస్ సరుకు సేటూ, కండ్లు మూస్కొని తీస్కో" అంటున్నాడు. చూసినవాళ్లందరూ ఒకటే అనుకున్నారు, రైతు దగ్గర తిన్నాడని. ముప్పై ఏళ్లలో ఆయన మాటకు పడిన మొదటి మరక అది.

ఇంటికొచ్చి తలుపు దగ్గర కూలబడ్డాడు. కూతురు ఉమారాణి నిజామాబాదులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సంగతంతా విని, లోపలికి పోయి ఉల్లిగడ్డ కోసి తెచ్చి, తండ్రి కళ్లు మూయించి ముక్కు దగ్గర పెట్టింది.

"ఏందిది బాపు?"

"ఏమో. ఆలుగడ్డనా?"

ఫినాయిల్ సీసా మూత తీసి పెట్టింది.

"మంచినీళ్లే గదా బిడ్డా, గిదేం ఆట?"

ఉమారాణి తల్లి వైపు తిరిగింది. భాగ్యలక్ష్మి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆరు నెలలుగా ఇంట్లో ఉన్నది మంచితనం కాదని ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

హైదరాబాదులో పెద్ద దవాఖానలో ఫోటోలు తీశారు. నొసటి వెనక, ముక్కుకు పైన, మెదడును ఆనుకొని గడ్డ. డాక్టరు ఆ నల్లటి ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపిస్తుంటే భాగ్యలక్ష్మి కళ్లు మూసుకుంది. గంగాకిషన్ ముందుకు వంగాడు.

"పొడుగున్నదా సార్, గుండ్రంగున్నదా?"

"గుండ్రంగానే ఉంది."

"అయితే పసుపుల కొమ్ము గాదు, మొదట్ల గుండ్రంగుండే మండ. మండకు రేటు తక్కువ సార్."

డాక్టరు గారు ఆ రోజు మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉన్నారట.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. గడ్డ మొత్తం వచ్చింది, చెడ్డ జాతిది కాదన్నారు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కుట్లు పడ్డాయి. ముక్కు మాత్రం తిరిగి రాలేదు, రాదని కూడా చెప్పారు. ఇంటికి పంపే రోజు గంగాకిషన్ డాక్టరును ఒకే ప్రశ్న అడిగాడు.

"గిది నాకెందుకొచ్చింది సార్? బీడీ తాగ. కల్లు పండుగకే. ఎవల పాపం ఎరుగ."

"తెలియదండీ."

"మీకు తెల్వదా, ఎవ్వలకూ తెల్వదా?"

"ఇంకా ఎవరికీ తెలియదు. తీసిన గడ్డలన్నీ దాచి, అవి ఎందుకు పుడుతున్నాయో, ముందుగా ఎలా పట్టుకోవాలో ఇక్కడే పరిశోధన చేస్తున్నారు. డబ్బు చాలక నెమ్మదిగా నడుస్తోంది."

గంగాకిషన్‌కు ఇది మింగుడు పడలేదు. కొమ్ము వాసన చూసి చేను చెప్పగలిగిన మనిషి ఆయన. ఇంత పెద్ద దవాఖానలో, ఇన్ని మిషన్లు పెట్టుకొని, తల తెరిచి కళ్లతో చూసిన గడ్డ ఎక్కడిదో చెప్పలేకపోవడం ఆయనకు చాలా నామోషీగా అనిపించింది, డాక్టర్ల తరఫున. "సార్, వచ్చే ఏటి పసుపుకు కాకపోతే ఆ పైయేటి పసుపుకు ఆర్మూరు తరఫున నేను తెచ్చిస్త. నాది మాట" అని డాక్టరు చేయి పట్టుకున్నాడు.

తిరిగొచ్చాక పనిలోకి దిగాడు. ఇప్పుడు కొత్త పద్ధతి. భాగ్యలక్ష్మిని వెంట తీసుకుపోతాడు. ఆమె కొమ్ము విరిచి వాసన చూసి చెవిలో చెబుతుంది, ఆయన పైకి చెబుతాడు. ముక్కు ఆమెది, మాట ఆయనది. రెండింటిలో ఒకటి పోయాక, ఉన్న ఆ ఒక్క మాటనే గంగాకిషన్ ఎంత జాగ్రత్తగా కాచుకునేవాడో ఆమె కంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. బూజు బస్తాల మరక పోవడానికి ఏడాది పట్టింది.

డాక్టరుకిచ్చిన మాట గడువు ఈ ఏటి పసుపుకొచ్చింది. పోయిన నెల తీసిన ఫోటోలో తల శుభ్రంగా ఉందన్నారు. ఆ సంతోషంతో గంగాకిషన్ కాగితాలు అచ్చు వేయించాడు, "మెదడు గడ్డల పరిశోధనకు చేయూత" అని. ఒక డబ్బా కూడా తయారు చేయించి బజారు చాయ్ హోటల్లో పెట్టాడు. మొదట వచ్చినవాడు లచ్చన్న. పసుపు మెరుగుపెట్టే డ్రమ్ము ఆయనదే. గంగాకిషన్‌ను బావా అంటాడు.

"పేషంట్ ఎవలు బావా?"

"ఇంక ఎవ్వలు గాలే. ముందుముందు అయ్యేటోళ్ల కోసం."

"అయినంక చెప్పు. జరూర్ ఇస్త."

"అయినంక ఇస్తే ఏం ఫాయిద లచ్చన్నా? గడ్డ ఎందుకొస్తదో ఇప్పుడు ఎతుకుతున్నరు."

"ఎక్కడ ఎతుకుతున్నరు?"

"దవాఖానల."

"దవాఖానల పోయిందా?"

ఇంకొకరు గోడ మీద పేరు రాయిస్తారా అని అడిగారు. మరొకరు పరిశోధనకు కొబ్బరికాయ ఎప్పుడు కొడతారని అడిగారు. గుడికిస్తారు, వినాయకుడికిస్తారు, పేరున్న రోగికైతే ఆ పూటే ఇస్తారు. ఇంకా పుట్టని రోగం కోసం, ముఖం తెలియని మనిషి కోసం జేబులో చేయి పెట్టడం ఎవరికీ అలవాటు లేదు. ఇరవై రోజులకు డబ్బా తెరిస్తే చిల్లరతో పాటు రెండు బస్సు టికెట్లు, ఒక పుల్ల ఐస్‌క్రీము పుల్ల ఉన్నాయి.

ఉమారాణే ఉపాయం చెప్పింది. "పైసలంటే జేబు పట్టుకుంటరు బాపు. పసుపడుగు. ఇంటికో గంప. అందరి పసుపు ఒక్కదగ్గర వోసి, మెరుగు పెట్టించి అమ్ముదం." గంగాకిషన్‌కు ఇది నచ్చింది. బజారంతా తాను చూసుకుంటానని, సందుల్లో భాగ్యలక్ష్మి అడగాలని అనుకున్నారు.

ఆమె బయల్దేరింది శుక్రవారం. శుక్రవారం కాబట్టి తలస్నానం చేసి, జుట్టు ఆరక ముడి వేయకుండా వదిలేసింది. పసుపు మోయాలి కాబట్టి పసుపు మరకలంటిన పాత చీర కట్టింది. చంకన గంప. సందు మలుపు తిరగ్గానే చెప్పు తెగింది. ఒక్క చెప్పుతో ఏం నడుస్తానని రెండూ అక్కడే గోడ మీద పెట్టేసి నడిచింది. ఎండ మండుతోంది. నాలుగడుగులు వేసేసరికి అరికాళ్లు చుర్రుమని కళ్లలో నీళ్లు తిరిగాయి.

జోగు అంటే ఈ పక్క ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇంట్లో మనిషి ప్రాణం మీదికొస్తే ఇల్లాలు దేవుడికి మొక్కుకొని, తలస్నానం చేసి, చెప్పుల్లేకుండా గంపతో ఇల్లిల్లూ అడుక్కుంటుంది. పెట్టేవాళ్లు కళ్లకద్దుకొని పెడతారు. ఎవరి కోసం, ఎందుకు అని మాత్రం అడగరు. అడిగితే మొక్కు చెడుతుంది.

మొదటి గడప చిన్నవ్వది. ఎనభై నాలుగేళ్ల మనిషి. గంగాకిషన్ పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఈమే. గడపలో నిలబడ్డ భాగ్యలక్ష్మిని కింది నుంచి పైకి చూసింది. కాళ్లు, చీర, జుట్టు, గంప, కళ్లనీళ్లు.

"అవ్వా, జర పసుపు పెట్టు. మన కిషన్..."

"చెప్పకు బిడ్డా!" చిన్నవ్వ చేయి అడ్డం పెట్టింది. "నువ్వు చెప్పొద్దు. నేనడగొద్దు."

లోపలికి పోయి చాట నిండా కొమ్ములు తెచ్చి, కళ్లకద్దుకొని గంపలో పోసింది. మళ్లీ పోయి ఇంకో చాట తెచ్చింది. పరిశోధన గురించి చెప్పాలని కాగితం చదివి చదివి బట్టీ పట్టిన భాగ్యలక్ష్మి, ఆ ముసలామెకు చదువు మీద ఇంత గౌరవమా అని ఆశ్చర్యపోతూ ముందుకు నడిచింది.

ఇది చూసిన మంగవ్వ ఆ కబురు మోసుకొని, ఇళ్ల వెనకల నుంచి ఆమె కంటే ముందు నడిచింది. నాలుగో ఇంటికి పోయేసరికి గంప నింపి గడపలో పెట్టుకొని ఎదురుచూస్తున్నారు. ఆరో ఇంట్లో ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. ఏడో ఇంట్లో కోడలు చెంబుతో నీళ్లు తెచ్చి భాగ్యలక్ష్మి కాళ్లు కడిగింది.

కాళ్ల మీద నీళ్లు పడ్డప్పుడు తెలిసింది ఆమెకు, తాను ఏమై తిరుగుతోందో. నోరు తెరిచింది, కాదమ్మా, ఆయనకేం లేదు, బ్రహ్మాండంగా ఉన్నాడు అని చెప్పడానికి. గంప వైపు చూసింది. డబ్బాలో ఇరవై రోజులకు పడనిది ఇక్కడ ఏడు గడపలకే పడింది. తెరిచిన నోరు మూసుకొని ఎనిమిదో ఇంటికి నడిచింది.

వారం తిరిగేసరికి గంపలు పోయి ఆటోట్రాలీ పెట్టాల్సి వచ్చింది. పసుపుతో పాటు దానిమ్మపళ్లొచ్చాయి, కొబ్బరిబోండాలొచ్చాయి, నాటుకోడిగుడ్లొచ్చాయి. హోటల్లో చాయ్‌కి పైసలు తీసుకోవడం మానేశారు. పదేళ్లుగా పడని దలాలు ఒకడు ఎదురొచ్చి, "తప్పులేమన్న జేస్తే మాఫ్ జెయ్యన్నా" అని కౌగిలించుకొని పోయాడు. గంగాకిషన్ ఉబ్బిపోయాడు.

"సూసినవా భాగ్యా! మనోళ్లకు సమజ్ కావాలెగని, రీసెర్చ్ అంటే ప్రాణమిస్తరు."

"అవునయ్యా. గీ దానిమ్మ పండు తిను."

మంగవ్వ పరిస్థితి చూస్తే జాలేసేది. లోకంలో ఏ సంగతైనా అడగందే నిద్రపట్టని మనిషి, అడగకూడని సంగతి గోడ అవతలే ఉంది. అడగకుండా తెలుసుకునే దారులన్నీ వెతికింది.

"అక్కా, బావ అన్నం తింటుండా?"

"తింటుండే."

"ఎంత తింటుండు?"

"రెండుసార్లు ఏపిచ్చుకుంటుండు."

"అయ్యో!" మంగవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అవునక్కా, ఆఖరికి ఆకలి పెరుగుతదంటరు."

సంగతి ఉమారాణికి ఎక్కడో నిజామాబాదులో తెలిసింది. ల్యాబులో తోటి అమ్మాయి భుజం మీద చేయి వేసి, మీ నాన్న గురించి విన్నానని ఏడ్చింది. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చి తల్లిని వంటింట్లో నిలేసింది.

"ఏం జేస్తున్నవే అమ్మా నువ్వు? బాపు మంచిగున్నడని చెప్పనీకి నోరు లేదా?"

"మెల్లగ మాట్లాడు. అరుగు మీద కూసున్నడు."

"ఆయనకు తెలిస్తే గంపలన్నీ ఎవలివి వాళ్లకు మోసుకపోయి ఇస్తడు. తెల్వకపోతే ఇంకా ముప్పు. రేపు జనానికి తెలిస్తే ఏమంటరు? రోగం పేరు చెప్పి గంగాకిషన్ మోసం జేసిండంటరు. ఆయనకున్నది ఒక్క మాటనే. అది నువ్వు గంపలేసి అమ్ముతున్నవ్."

"ఆదివారం లచ్చన్న డ్రమ్ముల వోస్తరు. డ్రమ్ములవడ్డంక ఎవల కొమ్ము ఏదో దేవునిక్కూడ తెల్వది. వాపసిద్దమన్న ఇయ్యరాదు. గప్పుడు నేనే చెప్త. తిడితే తిట్టని."

"ఎందుకే గింత?"

భాగ్యలక్ష్మి పొయ్యి మంట తగ్గించింది. "ఆరు నెలలు మాడిన పప్పు తిన్నడే. నేను సంబరపడ్డ. తలల గడ్డ పెరుగుతుంటే, నా మొగడు మంచోడైండని నీ అమ్మమ్మకు ఫోన్ జేసి చెప్పిన. ఇయ్యాల గూడ ఏ ఊర్లనో ఏ ఇంట్లనో ఒక పిచ్చిది నా లెక్కనే సంబరపడుతుంటది. దాని కోసం ఎవడన్న పైసలిస్తడా? ఇయ్యరు. మీ బాపు కాయితం సూసి ఇయ్యలే. నా కాళ్లు సూసి ఇచ్చిండ్రు."

ఉమారాణి చాయ్ గ్లాసు తీసుకొని అరుగు మీదున్న తండ్రి దగ్గరికి పోయింది. ఆయనకు చెప్పలేదు, అలాగని ఒప్పుకుందనీ కాదు.

ఆదివారం పొద్దున లచ్చన్న షెడ్డు ముందు పసుపు కుప్ప మనిషెత్తు లేచింది. పెట్టిన ఇళ్లవాళ్లందరూ వచ్చారు. మెరుగు పెడితే చూడటానికి అంతమంది వస్తారా? గంగాకిషన్‌ను కడసారి చూసుకుందామని వచ్చారు. ఆయన మాత్రం జనాన్ని చూసి పొంగిపోయాడు. నాలుగు మంచి ముక్కలు చెప్పాలనిపించి ఖాళీ బస్తాల మీదికెక్కి, గౌరవంగా తలకున్న తువ్వాలు తీశాడు. చెవి నుంచి చెవిదాకా కుట్ల గీత మెరిసింది. ఆడవాళ్లు ముక్కులు చీదుకోవడం మొదలుపెట్టారు.

"మీ ప్రేమ," అన్నాడు గంగాకిషన్ గొంతు సవరించుకొని, "నేను సచ్చేదాంక మర్వ."

గొల్లుమన్నారు. మంగవ్వ అయితే పక్కనున్నామె మీద వాలిపోయింది. తన ఉపన్యాసం ఇంత బాగుంటుందని గంగాకిషన్ కలలో కూడా అనుకోలేదు. రెండో ముక్క కోసం వెతుక్కుంటున్నాడు. భాగ్యలక్ష్మి ముందుకొచ్చి అరిచింది.

"లచ్చన్నా, ఏం జూస్తున్నవ్? కుప్ప డ్రమ్ములకెత్తియ్యి. తిప్పు తిప్పు!"

లచ్చన్న కళ్లు తుడుచుకుంటూ ఇద్దరు హమాలీలకు సైగ చేశాడు. మొదటి గంప డ్రమ్ము మూతి దాకా లేచింది.

"ఆపుండ్రిరా!"

చిన్నవ్వ కట్టె నేల మీద కొట్టి లేచింది. జనం దారిచ్చారు. నడుం వంగినా నేరుగా బస్తాల దగ్గరికి నడిచొచ్చి, తలెత్తి గంగాకిషన్ ముఖంలోకి చూసింది.

"నెల రోజులైంది, ఎవ్వలకు నిద్ర లేదు. ఒకలు రెండు గడ్డలంటరు, ఒకలు మూడంటరు. అడగొద్దని నోరు కట్టుకున్నం. ఇగ నాతోని కాదు. మొక్కు చెడితే చెడని, పాపం నాకే తగలని. నీ బొడ్డు గోసిన దాన్ని, నాకు చెప్పు. నీ తలల గడ్డ మల్ల లేసిందా? నువ్వు బతుకుతవా, సస్తవా కిషనూ?"

గంగాకిషన్ తువ్వాలు చేతిలో పట్టుకొని జనం ముఖాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. దానిమ్మపళ్లు, కొబ్బరిబోండాలు, మాఫ్ చెయ్యమన్న దలాలు, నీళ్లు తాగి పోయిన ఆలూరు పెద్దమనుషులు, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆయన కళ్ల ముందు నడిచి ఉంటాయి. తిరిగి భార్య వైపు చూశాడు. భాగ్యలక్ష్మి తల వంచుకోలేదు.

"ఆల్లు జోగనుకున్నరయ్యా," అంది. "నేను కాదనలే. నీకేం ఎరుక లేదు. అన్నీ నేనే."

గంగాకిషన్ బస్తాల మీద నుంచి దిగి, చిన్నవ్వ చేయి పట్టుకొని, అందరికీ వినపడేలా చెప్పాడు.

"సస్తలేను అవ్వా. గడ్డ మల్ల రాలే. మొన్న తీసిన ఫోటోల తల సాఫ్ ఉన్నది, కాయితం మా ఉమ దగ్గరున్నది, సదువొచ్చినోళ్లు సూడుండ్రి. నా పెండ్లాం నోరు మూస్కున్నది, తప్పు మా ఇంటిది. నేను సస్తున్ననని మీరు పెట్టిన పసుపు నాకొద్దు. డ్రమ్ము ఇంక తిరుగలే, కుప్ప గీడనే ఉన్నది, ఎవల గంప వాళ్లు కొల్సుకొని తీస్కపోండ్రి, నేనే ఎత్తిస్త. గని నాకు గడ్డ లేసినప్పుడు నాకెరుక లేదు, నా పక్కన తిరిగిన మీలో ఒక్కలకు ఎరుక లేదు, తల గోసిన డాక్టర్‌కు గూడ ఎందుకొచ్చిందో ఎరుక లేదు. గందుకే, గంప ఎత్తేటోళ్లు ఒక్క మాట నాకిచ్చి ఎత్తుండ్రి: నా ఇంట్ల ఎవ్వల తలల గడ్డ లేదు, ఇగ రాదు అని. గా మాట ఇయ్యొచ్చినోళ్లు ఎవలో ముందుకు రాండ్రి."